ఒంటికి తగలాల్సిన రాయి

అప్పలసూరి మోసపోవడానికే పెట్టిపుట్టాడని కొత్తవలసలో ఆయన్ని ఎరిగినవాళ్లందరూ ఒప్పుకుంటారు. అరకులో కొండతేనె కొంటే అది బెల్లం పాకం. బరంపురం పట్టుచీరని తెస్తే మొదటి ఉతుకుకే బక్కెట్టు నిండా ఎర్రనీళ్లు, చేతిలో పాత గుడ్డ. రైల్లో ఎవడో అంటగట్టిన చేతిగడియారంలో సెకన్ల ముల్లు ఒక్కటే నిజం, మిగిలిన రెండు ముళ్లూ బొమ్మలు.

ఈ జాబితా ఆయన భార్య లక్ష్మణమ్మకి కంఠతా వచ్చు. ఇంటికి ఎవరైనా రావడమే ఆలస్యం, టీ గ్లాసులు అందిస్తూనే మొదలుపెట్టేది.

"మా బావని మోసం సెయ్యడానికి దొంగోడు అక్కర్లేదు. నాలుగు మంచిమాటలు సెప్పినోడు సాలు, జేబు తీసి ఆడి సేతిలో ఎట్టీగలడు."

వచ్చినవాళ్లు నవ్వేవారు. అప్పలసూరీ నవ్వేవాడు, నవ్వకపోతే బాగుండదు కనక. కానీ ఆయన ముప్ఫైనాలుగేళ్లు కిరండూల్ రైలు లైన్లో ఇనుపరాయి గూడ్సుబళ్లు నడిపిన డ్రైవరు. వేల టన్నుల బరువుని వానలో, పొగమంచులో, సొరంగం తర్వాత సొరంగం దాటించి ఘాట్ దించుకొచ్చినవాడు. ఒక్కరోజు బ్రేకు తప్పలేదు. అంతటివాడికి తేనె కొనడం చాతకాదా అని లోపల ఎక్కడో గుచ్చుకునేది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి, ఏదైనా మంచి వస్తువు తెచ్చి ఆవిడ చేతిలో పెడితే, ఆవిడ కళ్లు పెద్దవి చేసి "ఇది మంచిదని నీకెలా తెల్సు బావా?" అని అడగాలి. అప్పుడు తీరిగ్గా కూర్చుని మొదటినుంచీ చెప్పాలి. అరవయ్యేళ్ల మనిషికి ఇదేం కోరిక అంటే, అదే కోరిక.

ఆ అవకాశం మంచిదారిలో రాలేదు. లక్ష్మణమ్మకి నాలుగడుగులు వేస్తే ఆయాసం మొదలైంది. గుండె కవాటం పూర్తిగా పాడైందనీ, ఆపరేషనుకి ఒళ్లు తట్టుకోదనీ, మందులతో నెట్టుకురమ్మనీ విశాఖపట్నంలో డాక్టర్లు తేల్చేశారు. ఆవిడ మందులూ మింగింది, రామతీర్థం వెళ్లి సిద్ధాంతిగారి ముందు జాతకమూ పెట్టింది. ఆయన వేళ్లు లెక్కపెట్టుకుని శుక్రుడు బాగా నీరసించి ఉన్నాడన్నారు.

"వజ్రం పెడితే మంచిదే. లేదంటే ఒపల్ రాయి పెట్టండమ్మా. కానీ ఒకటి గుర్తుంచుకోండి, రాయి ఒంటికి తగలాలి. ఉంగరం అడుగు తెరిచి ఉండాలి. తగలని రాయి ఉన్నా లేనట్టే."

తిరుగుదారిలో ఆటోలో లక్ష్మణమ్మ మొగుడి చెయ్యి పట్టుకుంది.

"బావా, నాకు ఆ రాయి కొంతావేటి?"

పెళ్లయిన ముప్ఫయ్యారేళ్లలో ఆవిడ ఫలానాది కావాలని అడగలేదు. తెచ్చినవాటిని వెక్కిరించిందే తప్ప, తెమ్మన్నది ఇదే మొదలు.

"కొంతాను," అన్నాడు అప్పలసూరి.

"నానూ వస్తాను. నివ్వొక్కడివీ ఎల్తే గోళీకాయ ఇచ్చి పంపించీగలరు."

కానీ ఆవిడ వెళ్లలేకపోయింది. విజయనగరంలో రంగురాళ్లు అమ్మే ధనరాజ్ కొట్టు గంటస్తంభానికి దగ్గర్లో ఒక మేడ మీద ఉంది. ఇరవైరెండు మెట్లు. ఆవిడ ఇంటి గుమ్మం దిగడానికే గోడ పట్టుకుంటోంది.

అందుకని ఒక్కడే ఎక్కాడు. ధనరాజ్ మంచిమాటలు చెప్పే రకం కాదు. మొహం చిట్లించి, కిటికీ పక్కన బల్లమీద నల్లగుడ్డ పరిచి తెల్ల ఒపల్ రాళ్లు నాలుగు పెట్టాడు. అప్పలసూరికి అవి గంజినీళ్లలా కనిపించాయి. తిరగేసి మరగేసి చూసి వద్దంటుంటే, డబ్బా అడుగున గోధుమరంగు బెడ్డ ఒకటి కంటబడింది. చేతిలోకి తీసుకున్నాడు. ఆ రంగు, ఆ బరువు, వేలికి తగిలే ఆ గరుకు ఆయన చేతికి కొత్తవి కావు.

"ఇది ఇనుపరాయి కాదేటి? మా బండిలో ఎత్తే సరుకుకి సుట్టంలాగున్నాది."

ధనరాజ్ మొదటిసారి నవ్వాడు. "తిప్పి సూడు."

తిప్పాడు. రెండో వైపు పాలపిట్ట రెక్క విప్పింది. నీలం, దానిలోంచి లేత ఆకుపచ్చ, కొంచెం వాల్చేసరికి ఒక మూల నిప్పురవ్వంత ఎరుపు. అప్పలసూరి కుర్చీలో కూర్చుండిపోయాడు.

ముప్ఫైనాలుగేళ్లు తన ఒంటినీ ఖాకీబట్టల్నీ ఎర్రగా చేసి, లక్ష్మణమ్మ చేత బండకేసి బాదించి, తిట్లు తిట్టించిన ఆ ఇనుప దుమ్ము కడుపులో ఇంత రంగు ఉంటుందా? అది ఆస్ట్రేలియా నుంచి వచ్చిందనీ, దాన్ని బౌల్డర్ ఒపల్ అంటారనీ ధనరాజ్ చెప్పాడు. ఇనుపరాయి పగుళ్లలో కాగితమంత పలచగా ఒపల్ పేరుకుంటుందట. ఆ పొరని విడదియ్యకుండా వెనకరాయితో కలిపే సానపడతారట.

కొనేస్తానన్నాడు అప్పలసూరి. ధనరాజ్ ఇవ్వలేదు.

"ముందు నేర్సుకో. తెలీకుండా కొనీసి రేపొచ్చి నా మీద పడిపోతావు."

అలా ఎండాకాలం చివర మొదలైన చదువు దసరా వెళ్లాక వచ్చే పైడితల్లమ్మ పండగ దాకా సాగింది. వారానికి రెండుసార్లు, పింఛను కాగితాల పని అని ఇంట్లో చెప్పి, విజయనగరం వెళ్లి ఆ ఇరవైరెండు మెట్లూ ఎక్కేవాడు. మోకాలు వాచింది. అయినా మానలేదు. ఉదయం పూట కిటికీ వెలుగులోనే చూడాలని తెలుసుకున్నాడు. దీపం కింద ఏ రాయైనా అందగత్తే, నీడలో కూడా రంగు నిలబడితేనే రాయి. ఒక్కవైపు మెరిసి, తిప్పితే చచ్చిపోయేది వద్దు. తూకం చూసి ఖరీదు కట్టకూడదు, బరువంతా ఇనుముది. మొహం చూసి కట్టాలి. మొహం కూడా అద్దంలా చదునుగా ఉండనక్కర్లేదు. పొర ఎలా ఒంపు తిరిగితే సానా అలాగే తిరుగుతుంది.

అన్నిటికంటే ముఖ్యం, పక్కనుంచి చూడటం.

"మోసమంతా పక్కనే ఉంతాది," అనేవాడు ధనరాజ్, భూతద్దం అందిస్తూ. "ఒపల్ ముక్కకి ఎనకాల వేరే రాయి జిగురేసి అంటించీసినారనుకో, మజ్జిని గీత తిన్నగా స్కేలెట్టి గీసినట్టుంతాది. భూమిలో పుట్టిందైతే ఆ గీత ఏటి ఒడ్డులాగ వొంకర్లు పోతాది. రెండూ ఒకదాన్లోకొకటి ఎల్లిపోయుంతాయి."

"సిద్ధాంతిగారు రాయి ఒంటికి తగలాలన్నారు. ఎనకాల ఇనుమున్నాది కదా?"

"రెండూ ఒక కడుపున పుట్టినాయి, ఒకటే రాయి. ఇనుము తగిల్తే ఒపల్ తగిలినట్టే. ముదురుగా అది ఎనకాల కాసుకోబట్టే ముందర ఆ రంగు లేస్తాది. దాన్ని తీసీసినావంటే ఇంకేటుంతాది? గంజి మీద మీగడ."

పండగ వెళ్లిన మర్నాడు ధనరాజ్ నల్లగుడ్డ మీద మూడు రాళ్లు పెట్టి అంటించింది ఏదో చెప్పమన్నాడు. అప్పలసూరి భూతద్దం పెట్టి మూడింటినీ పక్కలు చూశాడు. రెండోదాన్ని వేలితో పక్కకి నెట్టాడు.

"పాసైపోనావు సూరన్నా," అన్నాడు ధనరాజ్, ఆ పాలపిట్ట రంగు రాయిని డబ్బాలోంచి తీసి, భూతద్దంతో సహా చేతిలో పెడుతూ.

బస్సులో దారంతా అప్పలసూరి జేబు మీద చెయ్యి తియ్యలేదు. చెప్పాల్సిన మాటలు లోపల వరసగా పేర్చుకున్నాడు. ముందు పక్కనుంచి గీత చూపించాలి. ఆ తర్వాత నీడలో పెట్టి చూపించాలి. ఇనుము సంగతి చివర చెప్పాలి, అది చెప్పేటప్పుడు ఆ ఖాకీబట్టల ఉతుకులు గుర్తుచెయ్యాలి.

లక్ష్మణమ్మ మంచం మీద దిండుకి ఆనుకుని కూర్చుని ఉంది. రాయి ఆవిడ అరచేతిలో పెట్టాడు. ఆవిడ చూసింది. ఒక్క క్షణం మొహం విప్పారింది. తర్వాత తిరగేసింది. వెనక ఉన్న గోధుమరంగు బెడ్డని గోటితో గీకింది. మళ్లీ గీకింది. తలెత్తి మొగుడి మొహంలోకి చూసింది. చాలాసేపు చూసింది.

"బాగున్నాది బావా," అంది.

అంతే. వెక్కిరింపు లేదు. గోళీకాయ ఊసు లేదు. అప్పలసూరి ఎదురుగా స్టూలు మీద కూర్చుని, అడుగుతుంది కదా, ఇప్పుడు అడుగుతుంది కదా అని చూశాడు. ఆవిడ అడగలేదు. తనంతట తను చెప్పేస్తే ఏం పోయింది? అదే పోయింది, అడక్కుండా చెబితే అది గొప్పలు పోవడం అవుతుంది. అడగనీ, ఇవాళ కాకపోతే రేపు అడుగుతుంది, రాయి ఎక్కడికి పోతుంది అనుకున్నాడు. మగవాళ్ల పంతాల్లో ఇంత పనికిమాలింది ఇంకొకటి ఉండదు.

"ఉంగరం నాను సేయించుకుంతాను," అందావిడ. "ఎర్రన్న కాడికి ఆటోలో ఎల్తాను. నివ్వు రావొద్దు. బంగారం కాడ మల్లీ..." అని ఆగిపోయింది.

"మల్లీ మోసపోతాననేగా? ఎల్లు, ఎల్లు," అని నవ్వాడు అప్పలసూరి. మనసు అంత తేలిగ్గా ఉంది ఆయనకి.

ఎర్రన్న కొత్తవలస బజారులో కంసాలి. బంగారం పనితోపాటు కొండల్లో దొరికే రంగురాళ్లని అంటుకున్న మట్టిరాయిలోంచి విడదీసి సానపట్టడంలో వాళ్ల నాన్నప్పటి నుంచీ చెయ్యితిరిగిన కొట్టు. లక్ష్మణమ్మకి వరసకి మేనల్లుడిలాంటివాడు, చిన్నప్పుడు ఆవిడ చేతి అన్నం తిన్నవాడు. ఎనిమిది రోజులకి ఉంగరం వచ్చింది. ఆవిడ వేలికి పెట్టుకుని, చెయ్యి చాపి, కిటికీ వైపు తిప్పింది.

అప్పలసూరి చూశాడు.

అది తన రాయి కాదు. అసలు రాయే కాదు. గాజులో మెరుపుకాగితం ముక్కలు పోసినట్టున్న రంగు, ఎటు తిప్పినా అక్కడే నిలబడి మెరుస్తోంది. పైన ఒంపు లేదు. తెరిచి ఉండాల్సిన అడుగుని బంగారు రేకుతో మూసేశారు. ఎందుకు మూశారో పసిపిల్లాడికైనా తెలుస్తుంది. ఎర్రన్న రాయి మార్చేశాడు.

చెప్పులు తొడుక్కున్నాడు. ఆ కంసాలి గొంతు పట్టుకుని బజారులోకి ఈడుద్దామనే లేచాడు.

"ఎక్కడికి బావా?" అంది లక్ష్మణమ్మ. ఆ రెండు ముక్కలకే ఆయాసపడింది.

గుమ్మంలో ఆగిపోయాడు. చెబితే ఏమవుతుంది? జన్మలో ఎవరి చేతిలోనూ మోసపోని మనిషి, తన చేతి అన్నం తిన్నవాడి చేతిలో మోసపోయిందని తెలుస్తుంది. ఉన్న కాస్త ఊపిరీ దానికే ఖర్చయిపోతుంది. ఒక్క క్షణం, నిజం చెప్పాలంటే, "సూసినావా, నివ్వూ మోసపోనావు" అనాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఆ ఒక్క క్షణానికి తర్వాత ఎన్నో రోజులు సిగ్గుపడ్డాడు.

చెప్పులు విడిచాడు. వెనక్కొచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుని గాజుముక్కకేసి చూశాడు.

"బాగున్నాది," అన్నాడు.

ఆ మాటకి ఆవిడ ఊపిరి వదిలిన తీరు ఆయనకి గుర్తుంది. ఆ ఉంగరం వచ్చాక లక్ష్మణమ్మ పాత జాబితా చదవడం పూర్తిగా మానేసింది. చూడటానికి వచ్చిన ప్రతివాళ్లకీ సన్నబడిపోయిన ఆ చెయ్యి చాపి చూపించేది.

"మా బావ కొన్నాడు. ఈపాలి ఎవుడూ మోసం సెయ్యలేదు. ఇలాంటిది సుట్టుపక్కల నేదు."

అప్పలసూరి పెరట్లోకి వెళ్లిపోయేవాడు. అన్నాళ్లూ వినాలనుకున్న పొగడ్త చెవినపడుతోంది, అదీ గాజుముక్కని చూపించి. బజారులో ఎర్రన్న ఎదురైతే మొహం తిప్పుకునేవాడు. ఎర్రన్న కూడా తల దించుకుని తప్పుకునేవాడు. తప్పు చేసినవాడు దించుకోడా మరి అనుకునేవాడు.

ఫాల్గుణమాసంలో ఆవిడ మంచం దిగడం మానేసింది. ఒకరోజు మధ్యాహ్నం చెయ్యి మొగుడి చేతిలో పెట్టి, ఒక్కో మాటా కూడదీసుకుని చెప్పింది.

"ఈ ఉంగరం ఎవులికీ ఇవ్వకు. ఝాన్సీ అడిగినా ఇవ్వకు. నాతోనే పంపీ."

ఝాన్సీ వాళ్ల ఒక్కగానొక్క కూతురు. కన్నకూతురికి కూడా ఇవ్వొద్దనేంత ప్రేమ పెంచుకుందా దాని మీద అని అప్పలసూరి ఆ ఉంగరం కేసి చూశాడు. "అలగే," అన్నాడు. ఇప్పుడైనా చెబుదామా అనుకున్నాడు. ఏం చెప్పాలి? గాజుముక్కని అంతలా ప్రేమిస్తున్న మనిషికి ఏం చెప్పాలి? రెండురోజుల తర్వాత తెల్లారి కాఫీ కలిపి తెచ్చేసరికి ఆవిడ లేదు.

ఆవిడ పుట్టిల్లు కళింగపట్నం. మూడోనాడు అస్థికలు అక్కడికే తీసుకెళ్లారు. వంశధార సముద్రంలో కలిసేచోట, ఎండుచేపల వాసన వేసే ఆ ఇసుకలో, మోకాలి లోతు నీళ్లలో నిలబడి కుండతోపాటు ఉంగరాన్నీ వదిలాడు. ఇచ్చిన మాట ప్రకారమే చేశాడు గానీ, మనిషి పోయిన ఏడుపుకి తోడు ఆఖరికి దొంగరాయితో పంపించానే అనే ఏడుపొకటి ఆయనకి మిగిలింది.

పన్నెండోరోజు అయిన మర్నాడు పొద్దున్నే ఎర్రన్న కొట్టుకి వెళ్లాడు. ఇప్పుడు ఆపేవాళ్లు లేరు, ఎవరి ఊపిరి గురించీ భయం లేదు.

"నా రాయేదిరా?" అన్నాడు గుమ్మంలోనే.

ఎర్రన్న లేచి నిలబడ్డాడు. బుకాయిస్తాడనుకున్నాడు అప్పలసూరి. బుకాయించలేదు. ఇనప్పెట్టె తెరిచి, పసుపుగుడ్డలో కట్టిన చిన్న పొట్లం తెచ్చి చేతిలో పెట్టాడు.

"నువ్వొస్తావని సూస్తన్నాను మావా. తనున్నన్నాళ్లూ ఇవ్వొద్దని అత్త ఒట్టేయించుకున్నాది."

"అత్తా?"

"ఆవేళ ఆటో దిగి ఇక్కడే కూకున్నాది. రాయి సేతిలో ఎట్టి, 'మీ మావని మల్లీ ఎవుడో మోసం సేసీనాడురా ఎర్రన్నా, ముందర రంగు సూపించి ఎనకాల మట్టిబెడ్డ అంటించీసినాడు' అన్నాది. ఆ బెడ్డ తీసీసి సుబ్బరం సేస్తే, ఉన్న ముక్కైనా ఒంటికి తగుల్తాది, ఆయనకి తెలకుండా ఉంతాదన్నాది. మనం రోజూ సేసే పనే కదా అని నానూ రంపం ఎట్టీసినాను. మిగిలిన మట్టి సాన మీద తీస్తంటే, కళ్లెదురుగానే రంగు ఎల్లిపోనాది మావా. తెల్లగా పాలిపోయి మూడు ముక్కలైపోనాది. రంగు పూసిన దొంగరాయి అనుకున్నాం. అత్త ఎంత ఏడిసినాదో నీకు తెల్దు."

అప్పలసూరి పొట్లం ముడి విప్పబోయి ఆగాడు.

"నాకు భయమేసి, మావకి నానే సెప్పుకుంతానత్తా అన్నాను. వొద్దన్నాది. 'నాలుగు నెల్లు పింఛను పని అని అబద్దమాడి ఇజీనారం తిరిగినాడు. ఈ రాయి కోసమే అని నాకు తెల్సు. మెట్లెక్కి మోకాలు వాసిపోతే నానే నూనె రాసినాను. మల్లీ మోసపోనాడని తెలిస్తే మనిషి ఇరిగిపోతాడు. ఇన్నాళ్లూ నవ్వినాను గాని ఈపాలి నవ్వలేనురా' అన్నాది. అద్దాలబీరువాలో గాజురాయుంటే అదే కట్టమన్నాది. అడుగు కూడా తనే మూయించినాది, తిప్పి సూస్తావని. నువ్వు మొహం తిప్పుకున్నప్పుడల్లా నాను రాయి మార్చిన సంగతి నీకు తెలిసిపోనాదనే అనుకున్నాను మావా."

అప్పలసూరి పొట్లం విప్పాడు. పాలిపోయిన మూడు చిన్న పెంకులు. వాటి పక్కన రంపంతో కోసి తీసిన గోధుమరంగు బిళ్ల. బిళ్లని గుమ్మం వెలుగులోకి తిప్పాడు. ఒక అంచున, రంపానికి అందని మూల, నువ్వుగింజంత ఒపల్ ఇంకా ఇనుముని పట్టుకునే ఉంది. నీలం, లేత ఆకుపచ్చ. వాల్చితే ఎరుపు. జేబులోంచి భూతద్దం తీశాడు. అది ఇంకా జేబులోనే తిరుగుతోంది, ఎప్పుడైనా అడుగుతుందేమోనని. పక్కనుంచి చూశాడు. గీత తిన్నగా లేదు. ఏటి ఒడ్డులా వొంకర్లు పోయింది.

తను సరిగ్గానే కొన్నాడు. ఎర్రన్న దొంగతనం చెయ్యలేదు. ధనరాజ్ మోసం చెయ్యలేదు. ఆవిడ ఆఖరి ఐదునెలలూ మొగుడి పరువు కాపాడుతున్నాననుకుని గాజుముక్కని ఊరందరికీ చూపించుకుంది. ఝాన్సీ ఏ కొట్టులోనైనా చూపిస్తే మొగుడు మోసపోయాడని బయటపడుతుందని, తనతోపాటు నీళ్లపాలు చేయించుకుంది. ఆ మొదటిరోజు మంచం దగ్గర స్టూలు మీద కూర్చుని, అడక్కుండానే, ఒక్క ముక్క చెప్పి ఉంటే సరిపోయేది.

"దొంగరాయి కాదురా," అన్నాడు అప్పలసూరి. "నిజమైందే. ఎనకాల ఇనుముంటేనే దానికి రంగు."

ఎర్రన్న ఆ బిళ్లనీ, ఆయన మొహాన్నీ మార్చి మార్చి చూశాడు. కళ్లు పెద్దవి చేశాడు.

"నీకెలా తెల్సు మావా?"

అప్పలసూరి నోరు తెరిచాడు. మాటలన్నీ పేర్చినవి పేర్చినట్టే ఉన్నాయి. పక్క గీత, కిటికీ వెలుగు, ఏటి ఒడ్డు, ఖాకీబట్టల ఉతుకులు. ఒక్కటీ పెగల్లేదు. ఇనుపబిళ్లని గుప్పిట్లో పెట్టుకుని, కొట్టు మెట్టు మీద కూలబడ్డాడు.

"మీ అత్త అడిగితే సెబుదామనుకున్నాను."